రివ్యూయర్ ‘ఇంగ్లిష్ బాగా సవరించాలి’ అన్నారు, గ్రామర్ చెకర్ తప్పులే లేవంటోంది. ఏం దిద్దాలి?

మిర్చియార్డ్_స్కాలర్

అందరికీ నమస్కారం. అగ్రికల్చరల్ ఎకనామిక్స్ పేపర్ ఒకటి రివ్యూ నుంచి తిరిగొచ్చింది. విషయం మీద చిన్న ప్రశ్నలే ఉన్నాయి. ఇద్దరు రివ్యూయర్లూ మాత్రం ఇంగ్లిష్ బాగా సవరించాలన్నారు. ఒకరైతే ‘నేటివ్ స్పీకర్ చేత చూపించండి’ అని రాశారు. గ్రామర్ చెకర్‌లో పెడితే ఎర్రగీత ఒక్కటీ రావట్లేదు. ఇంట్రడక్షన్ మొదటి పేరా ఇదీ:

‘చిల్లీ ఈజ్ యాన్ ఇంపార్టెంట్ కమర్షియల్ క్రాప్ ఇన్ ఇండియా. సెవరల్ స్టడీస్ హ్యావ్ బీన్ కండక్టెడ్ ఆన్ చిల్లీ ప్రైసెస్. ది రోల్ ఆఫ్ కోల్డ్ స్టోరేజ్ హ్యాజ్ బీన్ స్టడీడ్ బై మెనీ ఆథర్స్. మెనీ ఫార్మర్స్ సెల్ ఇమీడియట్లీ ఆఫ్టర్ హార్వెస్ట్ ఆల్దో కోల్డ్ స్టోరేజ్ ఈజ్ అవైలబుల్. హెన్స్ దేర్ ఈజ్ ఎ నీడ్ టు స్టడీ ది సెల్లింగ్ డిసిషన్ ఆఫ్ ఫార్మర్స్.’

ఇందులో తప్పెక్కడుంది? డబ్బిచ్చి ఎడిటింగ్ చేయిస్తే సరిపోతుందా?

పాత_ఎడిటర్

వ్యాకరణం తప్పు లేదండీ, చెకర్ చెప్పింది నిజమే. వాక్యాలు పని చేయట్లేదు, అదీ సమస్య. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి వాక్యం: ఆ జర్నల్ చదివేవాళ్లకి మిర్చి వాణిజ్య పంట అని తెలుసు. రెండోది: అధ్యయనాలు జరిగాయన్నారు, ఏం తేలిందో చెప్పలేదు. మూడోదీ అంతే. ‘హ్యాజ్ బీన్ స్టడీడ్’ అన్నాక చదివేవాడి చేతికి ఏమీ రాలేదు. అసలు సరుకంతా నాలుగో వాక్యంలో ఉంది: పక్కనే కోల్డ్ స్టోరేజ్ ఉన్నా రైతు కోయగానే ఎందుకు అమ్ముతున్నాడు? దాన్ని తీసుకెళ్లి ‘ఆల్దో’ వెనకాల దాచారు. ఐదో వాక్యం ‘అవసరం ఉంది’ అంటుంది. ఎందుకు అవసరమో అనదు. ముందువాళ్లు ఏం వదిలేశారో చెబితేనే అది కారణం అవుతుంది.

రిసెర్చ్ పేపర్ ఇంట్రడక్షన్‌కి భాషా శాస్త్రవేత్త జాన్ స్వేల్స్ 1990లో వివరించిన మూడు అడుగులు ఇప్పటికీ పనికొస్తాయి. ఒకటి, ఈ రంగంలో తెలిసిందేమిటి. రెండు, అందులో ఎక్కడ ఖాళీ ఉంది. మూడు, ఆ ఖాళీని ఈ పేపర్ ఎలా పూరిస్తుంది. మన థీసిస్‌లలో మొదటి అడుగు పేజీలకి పేజీలు సాగుతుంది. రెండోది ఒక్క ‘హెన్స్’తో అయిపోతుంది. రివ్యూయర్‌కి చిరాకు తెప్పించేది అక్కడే.

నేనైతే ఇలా తిప్పుతాను. నిర్మాణం చూపించడానికే ఇది, విషయం మీ డేటా ఒప్పుకుంటేనే:

‘మెనీ చిల్లీ ఫార్మర్స్ ఇన్ గుంటూరు సెల్ వితిన్ వీక్స్ ఆఫ్ హార్వెస్ట్, ఈవెన్ దో కోల్డ్ స్టోరేజ్ ఈజ్ అవైలబుల్ నియర్‌బై. ఎర్లియర్ స్టడీస్ అట్రిబ్యూట్ దిస్ టు స్టోరేజ్ కాస్ట్స్. దీజ్ స్టడీస్, హవెవర్, యూజ్ మార్కెట్-లెవెల్ ప్రైసెస్ అండ్ డు నాట్ అబ్జర్వ్ హౌస్‌హోల్డ్ డెట్. వి టెస్ట్ వెదర్ లోన్స్ ఫ్రమ్ కమిషన్ ఏజెంట్స్ ఎక్స్‌ప్లెయిన్ ఎర్లీ సేల్ బెటర్ దాన్ స్టోరేజ్ కాస్ట్స్ డు.’

కష్టమైన ఇంగ్లిష్ మాట ఒక్కటీ లేదు, గమనించండి. రెండో వాక్యం తర్వాత మూడు నాలుగు సైటేషన్లు పడాలి. అవి లేకపోతే ‘ఎర్లియర్ స్టడీస్’ అన్న మాటకి విలువ లేదు.

డబ్బిచ్చే ఎడిటింగ్ సంగతి: చాలామంది ఎడిటర్లు ఆర్టికల్స్, ప్రిపొజిషన్లు సరిచేసి పంపుతారు. ఖాళీ ఎక్కడుందో వాళ్లకి తెలియదు కాబట్టి మీ ఐదో వాక్యం నున్నగా తయారై అలాగే తిరిగొస్తుంది.

సాగర్_సివిల్

‘వి టెస్ట్’ అనొచ్చా? మా డిపార్ట్‌మెంట్‌లో ‘వి’, ‘ఐ’ కనిపిస్తే గైడ్లు కొట్టేస్తారు. అకడమిక్ రైటింగ్ అంటే పాసివ్ వాయిసే కదా?

పాత_ఎడిటర్

థీసిస్‌కి గైడ్ మాటే చట్టం, అక్కడ వాదించకండి. జర్నల్స్ సంగతి వేరు. నేచర్ తన సూచనల్లో యాక్టివ్ వాయిసే మేలంటుంది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) రచనా నియమాల ఏడో ఎడిషన్ కూడా రచయిత తన పనిని ‘ఐ’, ‘వి’తో చెప్పడాన్ని ఒప్పుకుంటుంది. మీ జర్నల్‌లో ఈమధ్య వచ్చిన పేపర్లు ఐదు తీసి ‘వి’ ఉందో లేదో చూస్తే గొడవ తీరిపోతుంది.

పాసివ్ మెథడ్స్‌లో బాగానే ఉంటుంది. ‘శాంపుల్స్ వర్ డ్రైడ్ ఎట్ 60 డిగ్రీస్ ఫర్ 48 అవర్స్’ అన్నప్పుడు ఎవరు ఎండబెట్టారో ఎవరికీ అక్కర్లేదు. ‘ఇట్ వాజ్ ఆర్గ్యూడ్ దట్’ అంటే మాత్రం వాదించింది మీరా, ముందువాళ్లా తెలియదు. చేసినవాడు ఎవరన్నది ముఖ్యమైన చోట పాసివ్ వాడొద్దు.

కాలుష్యం_కాదు_కారకం

‘నేటివ్ స్పీకర్’ అన్న మాటకి బాధపడకండి. చాలా జర్నల్స్ రివ్యూ ఫారంలో ఇంగ్లిష్ నాణ్యతకి ఒక గడి ఉంటుంది, టిక్ పెట్టేస్తారు. పేరూ ఊరూ చూసి టిక్ పెట్టేవాళ్లు కూడా లేకపోలేదు.

వ్యాకరణం_వరండా

అలా కొట్టిపారేయలేం. పేరా నిర్మాణం తర్వాత మన రాతని పట్టించేది ఆర్టికల్స్. చెకర్ సగమే పట్టుకుంటుంది, ఎందుకంటే ‘ప్రైస్’, ‘ది ప్రైస్’ రెండూ ఏదో ఒక సందర్భంలో సరైనవే. ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నారో దానికి తెలియదు.

ప్రతి నామవాచకం దగ్గరా వరసగా మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది, దీన్ని లెక్కపెట్టొచ్చా? లెక్కపెట్టగలిగేది ఏకవచనంలో ఉంటే ముందు ఏదో ఒకటి ఉండి తీరాలి: ఎ, ది, దిస్, అవర్, ఈచ్, ఏదైనా సరే. ‘వి కండక్టెడ్ సర్వే’ అనే వాక్యం ఇంగ్లిష్‌లో నిలబడదు. లెక్కపెట్టలేనివి రిసెర్చ్, ఎవిడెన్స్, ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ఫర్నిచర్, అడ్వైస్. వీటి చివర ‘ఎస్’ రాదు, ముందు ‘ఎ’ రాదు. ‘రిసెర్చెస్’ బదులు ‘స్టడీస్’, ‘ఎవిడెన్సెస్’ బదులు ‘పీసెస్ ఆఫ్ ఎవిడెన్స్’, ‘సాఫ్ట్‌వేర్స్’ బదులు ‘సాఫ్ట్‌వేర్ ప్యాకేజెస్’.

రెండోది, అది ఏదన్నది చదివేవాడికి ఇప్పటికే తెలుసా? తెలిస్తే ‘ది’. తెలియడానికి దారులు మూడు: పైన ఒకసారి చెప్పి ఉండాలి, లేదా పక్కనే గుర్తుపట్టించే మాటలుండాలి (‘ది ప్రైస్ ఆఫ్ డ్రై చిల్లీ ఇన్ ది గుంటూరు మార్కెట్’), లేదా ప్రపంచంలో అదొక్కటే ఉండాలి.

మూడోది, మొత్తం జాతి గురించా? అయితే బహువచనం, ఆర్టికల్ లేకుండా: ‘ఫార్మర్స్ ప్రిఫర్ క్యాష్’. ‘ది ఫార్మర్స్ ప్రిఫర్ క్యాష్’ అంటే మీ శాంపుల్‌లోని రైతులు. ఈ తేడా పాటించకపోతే రివ్యూయర్లు విషయం తప్పుగా చదువుతారు. మీ 120 మంది గురించి చెప్పిన ఫలితం రైతులందరి గురించి చేసిన ప్రకటనలా కనిపిస్తుంది.

చిల్లర సంగతులు: టేబుల్ 2, ఫిగర్ 3, సెక్షన్ 4 ముందు ‘ది’ రాదు. ఎ, యాన్ తేడా రాతని బట్టి కాదు, పలుకుబడిని బట్టి: ‘యాన్ ఎన్‌జీవో’, ‘యాన్ ఎంఎస్‌పీ’, కానీ ‘ఎ యూజీసీ రెగ్యులేషన్’, ‘ఎ యూనివర్సిటీ’.

మొత్తం పేపర్‌కి ఒకేసారి చేయకండి. ప్రింట్ తీసి, పెన్సిల్‌తో నామవాచకాలకి మాత్రమే సున్నాలు చుట్టి, రోజుకి రెండు పేజీలు. స్క్రీన్ మీద చేస్తే కంటికి ఆనవు.

మిర్చియార్డ్_స్కాలర్

‘ది ఫార్మర్స్’ తేడా ఇప్పుడే తెలిసింది, థాంక్స్ అండీ. టెన్స్ సంగతి కూడా చెప్పరా? ‘హ్యావ్ ఫౌండ్’, ‘ఫౌండ్’, ‘ఫైండ్’ మూడూ వాడేశాను.

వ్యాకరణం_వరండా

‘చూశారు’ అన్న ఒక్క రూపంతో మనం రెండు పనులు చేసేస్తాం, అందుకే ఈ తికమక. ఇంగ్లిష్‌లో సంవత్సరం చెప్పి ‘హ్యావ్’ వాడకూడదు. ‘ఇన్ 2019 దే హ్యావ్ ఫౌండ్’ తప్పు, ‘ఇన్ 2019 దే ఫౌండ్’ ఒప్పు. కాలం చెప్పకుండా ఇప్పటిదాకా పోగైన పని గురించైతే ‘సెవరల్ స్టడీస్ హ్యావ్ ఫౌండ్’. బ్రాకెట్లో వచ్చే సైటేషన్ సంవత్సరం లెక్కలోకి రాదు, అది వాక్యంలో భాగం కాదు.

మెథడ్స్ పాస్ట్‌లో. రిజల్ట్స్‌లో మీరు కనుగొన్నది పాస్ట్‌లో, టేబుల్ చూపించేది ప్రెజెంట్‌లో (‘టేబుల్ 2 షోస్ దట్ స్టోరర్స్ ఎర్న్డ్ మోర్’). ఒకే వాక్యంలో రెండు టెన్స్‌లు కలవడం ఇక్కడ తప్పు కాదు. డిస్కషన్‌లో అర్థం చెప్పేటప్పుడు ప్రెజెంట్. లిటరేచర్ రివ్యూలో మాత్రం శాఖల మధ్య తేడా ఉంది. ఏపీఏ పద్ధతి పాస్ట్ లేదా ప్రెజెంట్ పర్ఫెక్ట్ అడుగుతుంది. ఎకనామిక్స్‌లో, ఇంజినీరింగ్‌లో ప్రెజెంట్ బాగా కనిపిస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా ఉంచండి.

వీటితోపాటు ‘ఫైండ్’ కొట్టి వెతకాల్సినవి: ‘ఆల్దో’ ఉన్న వాక్యంలోనే ‘బట్’ (రెండిట్లో ఒకటి తీసేయాలి), ‘డిస్కస్ అబౌట్’, ‘కంప్రైజెస్ ఆఫ్’, ‘ఎంఫసైజ్ ఆన్’ (ప్రిపొజిషన్ తీసేయాలి), ‘ఆర్ హ్యావింగ్’ (‘హ్యావ్’ చాలు), ‘సిన్స్ త్రీ ఇయర్స్’ (‘ఫర్’ రావాలి, క్రియ ‘హ్యావ్’ రూపంలో), వాక్యం చివర వేలాడే ‘ఆల్సో’, ‘ఓన్లీ’. ‘ది సేమ్ వాజ్ ఎనలైజ్డ్’ మన ఆఫీసు లేఖల భాష, పేపర్‌లో ఆ వస్తువు పేరే మళ్లీ రాయండి. ‘రెస్పెక్టివ్లీ’ రాయాలంటే ఇటు రెండు పేర్లు, అటు రెండు విలువలు అదే వరసలో ఉండాలి.

గోదారి_గట్టు

అసలు ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్ చేస్తే ఆలోచన స్పష్టంగా వస్తుంది కదా? ఇంగ్లిష్‌లో నేరుగా రాయబోతే ఆలోచనే ఆగిపోతోందని చాలామంది అంటారు.

రైటింగ్_సెంటర్_టెక్సస్

దీనితో నేను ఏకీభవించను గోదారి గారూ. ప్లాన్ తెలుగులో వేసుకోండి, వాక్యాలు మాత్రం వద్దు. కారణం ఒక ఉదాహరణతో.

తెలుగులో ‘గత మూడేళ్లుగా కోల్డ్ స్టోరేజ్‌లో సరుకు పెట్టిన రైతులు తీసుకున్న అప్పుల మీద వడ్డీ ఎక్కువ’ అనేది హాయిగా చదువుకోగల వాక్యం. విశేషణాలన్నీ పేరుకి ముందు వస్తాయి, క్రియ చివర వస్తుంది, మన చెవి దానికి అలవాటు పడింది. దీన్ని ఇంగ్లిష్ చేస్తే: ‘ది ఇంటరెస్ట్ రేట్ ఆఫ్ ది లోన్స్ టేకెన్ బై ది ఫార్మర్స్ హు హ్యావ్ స్టోర్డ్ దెయిర్ ప్రొడ్యూస్ ఇన్ కోల్డ్ స్టోరేజెస్ ఫర్ ది పాస్ట్ త్రీ ఇయర్స్ ఈజ్ హై.’ లెక్కపెట్టండి, అసలు క్రియ ‘ఈజ్’ 24వ మాట. ఇంగ్లిష్ చదివేవాడు కర్త కనిపించగానే క్రియ కోసం చూస్తాడు. 23 మాటలు గుర్తుపెట్టుకుని ఎదురుచూడాలి. వ్యాకరణం సరిగ్గానే ఉంది, చెకర్ ఏమీ అనదు, రివ్యూయర్ మాత్రం ‘ఇంగ్లిష్ బాగోలేదు’ అంటాడు.

‘ఫార్మర్స్ హు స్టోర్డ్ చిల్లీ పెయిడ్ హై ఇంటరెస్ట్ ఆన్ దెయిర్ లోన్స్.’ ఇక్కడ క్రియ ఐదో మాట. మూడేళ్ల సంగతి తర్వాతి వాక్యానికి తోసేయండి.

సవరించేటప్పుడు ప్రతి వాక్యంలో అసలు క్రియ కింద గీత గీయండి. పదో మాట దాటాక వస్తే వాక్యం విరగ్గొట్టండి. క్రియ నామవాచకంలో దాక్కుందేమో కూడా చూడండి: ‘యాన్ ఎనలిసిస్ ఆఫ్ ప్రైసెస్ వాజ్ క్యారీడ్ అవుట్’ బదులు ‘వి ఎనలైజ్డ్ ప్రైసెస్’.

ఇంకొకటి, వాక్యం నుంచి వాక్యానికి అతుకు. తెలిసిన విషయంతో మొదలుపెట్టి కొత్త విషయంతో ముగించాలి. ఆ కొత్తదే తర్వాతి వాక్యానికి మొదలు. ఇలా కుదిరితే ‘మోరోవర్’, ‘ఫర్దర్‌మోర్’, ‘హెన్స్’ సగం అక్కర్లేదు. ‘హెన్స్’ ఉన్న చోటల్లా పైవాక్యం నుంచి నిజంగా ఆ నిర్ణయం వస్తోందా అని అడగండి. మన రాతల్లో చాలాసార్లు రాదు.

గోదారి_గట్టు

ఒప్పుకుంటాను, అయితే సగమే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి నేరుగా పీహెచ్‌డీలోకి వచ్చినవాళ్లకి వాదన మొత్తం తెలుగులో రాసుకోకపోతే ఏం చెప్పాలో తేలదు. తేలాక ఆ కాగితం పక్కన పడేసి, చూడకుండా ఇంగ్లిష్‌లో రాయమనండి. అనువాదం చేయకుండా ఉంటే చాలు.

రైటింగ్_సెంటర్_టెక్సస్

‘చూడకుండా’ అన్న షరతు ఉంటే నాకు అభ్యంతరం లేదు.

గణాంకం

మీ రిజల్ట్స్ సెక్షన్ చూడకపోయినా చెప్పగలను, అక్కడ ‘ప్రూవ్స్’ ఉండే ఉంటుంది. 120 కుటుంబాల సర్వే దేన్నీ ప్రూవ్ చేయదు. ఎంత గట్టిగా అనాలన్నది మీ డేటా నిర్ణయించాలి. మెట్లు ఇలా: ‘షో’ (మీ శాంపుల్‌లో నేరుగా కొలిచింది), ‘ఇండికేట్’, ‘సజెస్ట్’ (అర్థం చెబుతున్నప్పుడు), ‘మే’ లేదా ‘మైట్’ (కారణం ఊహిస్తున్నప్పుడు). రెండు మెట్లు ఒకేసారి ఎక్కొద్దు. ‘మే పాసిబ్లీ సజెస్ట్’ అంటే రచయితకే నమ్మకం లేదని అర్థం. లోన్‌కీ తొందరగా అమ్మడానికీ సంబంధం కనిపిస్తే ‘ఈజ్ అసోసియేటెడ్ విత్’ అనండి. ‘కాజెస్’, ‘లీడ్స్ టు’, ‘ఎఫెక్ట్ ఆఫ్’ అనాలంటే కార్యకారణం తేల్చే డిజైన్ ఉండాలి.

‘సిగ్నిఫికెంట్’ని గణాంక అర్థంలో తప్ప వాడకండి. పెద్ద తేడా అనాలంటే ‘లార్జ్’, ‘సబ్‌స్టాన్షియల్’ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ పీ-విలువ 0.000 చూపిస్తే ‘0.001 కన్నా తక్కువ’ అని రాయాలి, సున్నా అని కాదు. 40 శాతం 50 శాతం అయితే అది 10 పర్సెంటేజ్ పాయింట్ల పెరుగుదల, శాతంలో చెబితే 25. రెండిట్నీ కలిపేస్తే రివ్యూయర్ లెక్కే తప్పనుకుంటాడు.

కొలతలు: లక్ష అంటే 0.1 మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు, బయటి జర్నల్‌కి మార్చి రాయండి. క్వింటాల్ మొదటిసారి వచ్చినప్పుడు 100 కిలోలని చెప్పండి. టిక్కీల్లో (మిర్చి బస్తాల్లో) డేటా ఉంటే మీ సర్వేలో టిక్కీకి ఎన్ని కిలోలో రాయండి. ఖరీఫ్, రబీ నెలలతో సహా.

లైబ్రరీ_మూల

రివిజన్‌లో ఇంకో ప్రమాదం ఉంది, సిమిలారిటీ, అంటే వేరే రాతలతో మాటలు కలిసిన శాతం. ఇంగ్లిష్ బాగుండాలని వేరే పేపర్లలోంచి వాక్యాలు తెచ్చి రెండు మాటలు మార్చి పెట్టేస్తుంటారు. థీసిస్‌కి యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలలకి మించని గడువులో సవరించి ఇవ్వాలి. 40 దాటి 60 వరకు ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సైటేషన్‌తో ఉన్న కొటేషన్లు, రెఫరెన్సులు, విషయసూచిక, ముందుమాట, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. అందరికీ తెలిసిన విషయాలు, యాదృచ్ఛికంగా కలిసిన మాటలు వరసగా 14 వరకు మినహాయింపే. రిపోర్ట్‌లో వచ్చిన శాతం చూసి కంగారుపడకుండా ఏ ఫిల్టర్లు పెట్టారో మీ లైబ్రరీలో అడగండి.

జర్నల్స్‌కి ఈ శాతాలు వర్తించవు. అక్కడ ఎడిటర్ 8 శాతంలో కూడా ఒకే చోటినుంచి వచ్చిన పేరా ఉంటే వెనక్కి పంపుతారు.

పర్యాయపదాలు మార్చే టూల్స్ జోలికి వెళ్లకండి. 2021లో కంప్యూటర్ శాస్త్రవేత్త గియోమ్ కబనాక్ బృందం ఇలాంటి పేపర్లను బయటపెట్టింది. ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అక్కడ ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అయింది, ‘బిగ్ డేటా’ ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అయింది, ‘బ్రెస్ట్ క్యాన్సర్’ ‘బూజమ్ పెరిల్’ అయింది! అలాంటి మాటల కోసం వెతికే ప్రోగ్రాములు ఇప్పుడున్నాయి. తర్వాత దొరికితే పేపర్ ఉపసంహరణే.

సరైన దారి నెమ్మదిగా ఉంటుంది. పేరా చదవండి, మూసేయండి, అందులో మీకు కావాల్సిన ఒక్క ముక్కని ఎవరికో చెబుతున్నట్టు రాయండి. తర్వాత తెరిచి సంఖ్యలు, షరతులు సరిపోయాయో చూడండి. సైటేషన్ అప్పుడే పెట్టండి, రేపటికి వదిలితే ఏ పేపరో గుర్తుండదు. పేరా మొత్తం తిప్పి రాయాలనిపిస్తోందంటే మీకు అది అర్థం కాలేదని, లేదా అవసరం లేదని.

కాలుష్యం_కాదు_కారకం

మరి ‘లిటిల్ ఈజ్ నోన్ అబౌట్’ లాంటివి? అవి అందరూ రాస్తారు కదా.

లైబ్రరీ_మూల

అవి చట్రాలండీ, ఎవరి సొత్తూ కావు. ‘దీజ్ ఫైండింగ్స్ ఆర్ కన్సిస్టెంట్ విత్’, ‘వన్ లిమిటేషన్ ఆఫ్ దిస్ స్టడీ ఈజ్’, ‘కాంట్రరీ టు ఎక్స్‌పెక్టేషన్స్’ ఇవన్నీ ఆ జాతే. మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్ల అకడమిక్ ఫ్రేజ్‌బ్యాంక్‌లో ఇలాంటివి పని వారీగా పేర్చి ఉన్నాయి, వెబ్‌సైట్ ఉచితం. దానికన్నా మంచిది మీ జర్నల్ పేపర్లు మూడు తీసుకుని విషయం తీసేసి చట్రాలు మాత్రం ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఎకనామిక్స్ వాళ్ల చట్రాలు, మెడిసిన్ వాళ్ల చట్రాలు ఒకటి కావు.

ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో అనుమానం వస్తే గూగుల్ స్కాలర్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి రెండు రూపాలూ వెతకండి. సంఖ్యలు పోల్చడం ఒక్కటే చాలదు, వచ్చిన పేపర్లు ఏ జర్నల్స్‌వో చూడండి.

పదజాలానికి భాషా పరిశోధకురాలు ఎవరిల్ కాక్స్‌హెడ్ 2000లో కూర్చిన అకడమిక్ వర్డ్ లిస్ట్ ఉంది, 570 పద కుటుంబాలు. బట్టీ పట్టడానికి కాదు, తెలియని మాట దొరికినప్పుడు అది అన్ని శాఖల్లో వాడేదో కాదో చూసుకోవడానికి.

సాగర్_సివిల్

ఇంత శ్రమ ఎందుకు, చాట్‌జీపీటీకి ఇస్తే రెండు నిమిషాల్లో తిరగరాసి ఇస్తుంది కదా. ఇప్పుడు అందరూ చేస్తున్నది అదే.

గణాంకం

చేస్తున్నారు, దొరుకుతున్నారు కూడా. ‘తిరగరాయి’ అంటే అది మీ ‘సజెస్ట్’ని ‘డెమాన్‌స్ట్రేట్’ చేసేస్తుంది, ‘అసోసియేటెడ్’ని ‘డ్రివెన్ బై’ చేసేస్తుంది. వాక్యం అందంగా ఉంటుంది, వాదన మారిపోతుంది, సంతకం మీది. రెఫరెన్సులు అడిగితే లేని పేపర్లు పుట్టిస్తుంది. ప్రతి డీఓఐనీ (పేపర్‌కి ఉండే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) తెరిచి చూడకుండా ఒక్కటి కూడా పెట్టకండి.

వాడాలనుకుంటే రాయమనకండి, వెతకమనండి. ‘అసలు క్రియ పదో మాట తర్వాత వచ్చిన వాక్యాలు చూపించు’, ‘ఏకవచన నామవాచకం ముందు ఏమీ లేని చోట్లు చూపించు’ అని అడిగి దిద్దడం మీరు చేయండి. ప్రచురణ నీతి సంస్థ కోప్ 2023లో స్పష్టంగా చెప్పింది, ఏఐ టూల్ రచయిత కాలేదు, వాడితే ఎలా వాడారో వెల్లడించాలి. మీ జర్నల్ నియమం ఏ సెక్షన్‌లో వెల్లడించమంటుందో చూడండి. సర్వే చేసిన కుటుంబాల వివరాలు మాత్రం అందులో పేస్ట్ చేయొద్దు.

రైటింగ్_సెంటర్_టెక్సస్

ఏఐ రాతని పట్టుకుంటామనే డిటెక్టర్ల గురించి ఒక మాట. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకి 91 టోఫెల్ (ఇంగ్లిష్ పరీక్ష) వ్యాసాలు ఇచ్చి చూశారు. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు స్వయంగా రాసినవి అవి. సగటున 61 శాతం వ్యాసాలను మెషిన్ రాసిందన్నాయి. అందుకని డ్రాఫ్ట్‌లు తేదీల వారీగా దాచుకోండి, వర్షన్ హిస్టరీ ఉన్న చోట రాయండి. ఎవరైనా అడిగితే చూపించడానికి పనికొస్తుంది.

మిర్చియార్డ్_స్కాలర్

చాలా వచ్చింది, ఏది ముందు చేయాలి? రివిజన్‌కి ఇచ్చిన గడువు ఆరు వారాలు.

పాత_ఎడిటర్

పైనుంచి కిందకి. ఆర్టికల్స్‌తో మొదలుపెడితే రేపు తీసేయబోయే పేరాలకి కూడా సున్నాలు చుడతారు.

మొదటి వారం ఇంగ్లిష్ ముట్టుకోకండి. ప్రతి పేరా పక్కన అది చెప్పేది ఒక్క తెలుగు వాక్యంలో రాయండి. (గోదారి గారి తెలుగు ఇక్కడ అక్కరకొస్తుంది.) రాయలేకపోతే ఆ పేరాలో రెండు విషయాలున్నాయి, లేదా ఏదీ లేదు. ఆ తెలుగు వాక్యాల్ని మాత్రమే వరసగా చదవండి. వాదన అక్కడే తెగితే పేరాలు మార్చండి. రెండో వారం, మూడో వారం ఇంట్రడక్షన్, డిస్కషన్ తిరిగి రాయండి, అసలు పని ఇదే. నాలుగో వారం క్రియల గీతలు, ‘హెన్స్’లు, ‘ప్రూవ్స్’. ఐదో వారం టెన్స్‌లు, ఆర్టికల్స్, సంఖ్యలు. ఆబ్‌స్ట్రాక్ట్ చివర్లో: సమస్య, ఖాళీ, డేటా పద్ధతి, సంఖ్యతో సహా ముఖ్య ఫలితం, దాని అర్థం. మన ఆబ్‌స్ట్రాక్టుల్లో నాలుగోది తప్పిపోయి ‘రిజల్ట్స్ ఆర్ డిస్కస్డ్’ అని ఉంటుంది.

ఆరో వారం రివ్యూయర్లకి జవాబు. ‘ఇంగ్లిష్ సవరించాం’ అని ఒక్క ముక్క రాస్తే నమ్మరు. ఏ సెక్షన్లు తిరిగి రాశారో, ఏ లైన్ నంబర్ల నుంచి ఏ లైన్ల దాకానో చెప్పండి. ‘ఖాళీ ఇప్పుడు 41వ లైన్‌లో స్పష్టంగా చెప్పాం’ లాంటి వాక్యం ఒకటి ఉంటే రివ్యూయర్ నేరుగా అక్కడికే వెళ్తాడు.

మిర్చియార్డ్_స్కాలర్

డిస్కషన్‌లో ఒక ముక్క మార్చి చూశాను: ‘ఫార్మర్స్ హు బారోడ్ ఫ్రమ్ కమిషన్ ఏజెంట్స్ సోల్డ్ ఎర్లియర్ దాన్ అదర్ ఫార్మర్స్. దిస్ సజెస్ట్స్ దట్ డెట్ మే పాసిబ్లీ లిమిట్ ది యూజ్ ఆఫ్ కోల్డ్ స్టోరేజ్.’

గణాంకం

‘సజెస్ట్స్’ ఉండగా ‘మే పాసిబ్లీ’ రెండూ ఎందుకు? ‘పాసిబ్లీ’ తీసేయండి, ‘మే’ కూడా పోయినా నష్టం లేదు.

పాత_ఎడిటర్

‘దిస్’ ఒంటరిగా నిలబడింది. పక్కన నామవాచకం పెట్టండి: ‘దిస్ డిఫరెన్స్ సజెస్ట్స్’. పేపర్ మొత్తంలో ‘దిస్’ వెతికి చూడండి, తర్వాత వెంటనే క్రియ వస్తే ప్రతిచోటా ఇదే పని. ఇక మొదటి వాక్యంలో ‘ఎర్లియర్’ అంటే ఎన్ని రోజులు? టేబుల్‌లో ఉంటే ఆ సంఖ్య ఇక్కడికి తెండి.